ఇంత దూరం వచ్చాక...

కార్తిక మాసంలో ఒక శనివారం. గుడివాడలో ఒక కుటుంబం అనుకుందాం. నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు, అమ్మమ్మ. తెల్లవారుజామునే లేచారు. డిక్కీలో పులిహోర గిన్నె, దద్దోజనం, మడత కుర్చీలు, పిల్లలు పట్టుబట్టి తెప్పించుకున్న చిన్న గుడారం. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి ప్రయాణం. పొద్దున వేణుగోపాలస్వామి దర్శనం, మధ్యాహ్నం సాగరసంగమం, రాత్రికి కారు పక్కనే గుడారం వేసుకుని చుక్కలు చూడటం. ఆలోచన బాగుంది. అవనిగడ్డ దాటేసరికి తూర్పున మబ్బు పట్టింది. కోడూరులో టీ తాగుతుంటే కొట్టాయన "సముద్రంలో ఏదో లేచిందంటండీ" అన్నాడు. అమ్మమ్మ గ్లాసు కింద పెట్టి, "పోనీ ఇంటికి పోదాం బాబూ" అంది. అప్పుడు నాన్న నోట వచ్చింది ఆ మాట:

"ఇంత దూరం వచ్చాక వెనక్కెళ్లడమేంటి అత్తయ్యగారూ?"

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట గురించే.

అందులో దురుద్దేశం ఏమీ లేదు. పోసిన పెట్రోలు, పెట్టిన సెలవు, పిల్లల మొహాల్లో వెలుగు, ఊళ్లో అందరికీ చెప్పి వచ్చిన ముచ్చట అన్నీ కలిసి ఆయన చేత అలా అనిపించాయి. చిక్కేమిటంటే ఆ లెక్కలో మబ్బు లేదు, గాలి లేదు. వెనక దారి ఎంత పొడుగైతే ముందు దారి అంత క్షేమం అన్నట్టు మనసు సర్దిచెప్పుకుంటుంది. కొండలెక్కేవాళ్లకు ఈ జబ్బు బాగా తెలుసు. అందుకే ఎవరెస్టు మీద "మధ్యాహ్నం 2 గంటలకు శిఖరం అందకపోతే, ఎక్కడుంటే అక్కణ్నుంచి దిగిపోవాలి" అని ముందే గడువు పెట్టుకునేవాళ్లు. 1996 మే 10న శిఖరం ఇంకాస్త దూరంలో ఉందనగా కొందరు ఆ గడువు దాటారు. సాయంత్రానికి మంచు తుపాను విరుచుకుపడింది. ఆ ఒక్క తుపానులో 8 మంది చనిపోయారు. వాళ్లలో అనుభవం పండిన గైడ్లూ ఉన్నారు. తెలియక పోయినవాళ్లు కారు.

గుడివాడ నాన్నకూ ఎవరెస్టుకూ పోలికేంటని నవ్వుకోవచ్చు. పోలిక ఎత్తులో లేదు, గడువు ఎప్పుడు పెట్టుకోవాలన్న దాంట్లో ఉంది. వెనక్కి తిరగాలా వద్దా అన్నది కోడూరు టీకొట్టు దగ్గర తేల్చుకునే విషయం కాదు. ముందు రోజు రాత్రి, ఇంట్లో, అన్నాలు తిన్నాక, ఎవరికీ ఏ తొందరా లేనప్పుడు తేలిపోవాలి.

ఎడారిలో వరద, డెల్టాలో దాహం

కారేసుకుని ఎడారికెళ్లి గుడారం వేయడం గల్ఫ్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు చలికాలపు అలవాటు. దుబాయ్, అబుధాబి చుట్టుపక్కల ఇసుక తిన్నెల మీద బిర్యానీ వండుకుని రాత్రంతా కబుర్లు చెప్పుకుంటారు. ఎడారి అనగానే మనకు భయమల్లా ఎండ, దాహం. కానీ 2024 ఏప్రిల్ 16న యూఏఈలో అల్ ఐన్ దగ్గర ఒక చోట 24 గంటలు తిరక్కముందే 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. 1949లో లెక్కలు రాయడం మొదలెట్టాక అంత వాన అక్కడ ఎప్పుడూ లేదు. దుబాయ్ రోడ్ల మీద కార్లు పడవల్లా తేలాయి. అంతకు ముందు ఏడాదే అక్కడి ప్రభుత్వం ఒక కఠినమైన నిబంధన తెచ్చింది. వరద పారుతున్న వాగులోకి కారు దింపితే 2,000 దిర్హాముల జరిమానా, 60 రోజులు బండి స్వాధీనం. వాన చూద్దామని వాగు గట్టున గుమిగూడినా జరిమానాయే. మన రాజస్థాన్‌లోనూ అంతే. 2006 ఆగస్టులో బాడ్మేర్ జిల్లా కవాస్ దగ్గర ఎడారి ఊళ్లు మునిగి వందకు పైగా జనం చనిపోయారు. ఇసుక కింద జిప్సం పొర ఉండటంతో నీళ్లు ఇంకలేదు, వారాల తరబడి అలాగే నిలిచాయి.

హంసలదీవి ఉన్న దివిసీమది దీనికి తిరగేసిన కథ. చుట్టూ నీళ్లే. ఒకపక్క కృష్ణ పాయ, ఇంకోపక్క సముద్రం, మధ్యలో కాలవలు, రొయ్యల చెరువులు. తాగడానికి మాత్రం చుక్క ఉండదు. సముద్రం దగ్గరి ఊళ్లలో భూమిలోంచి వచ్చే నీళ్లు ఉప్పన. ఊళ్లకు ఊళ్లు మంచినీళ్ల చెరువుల మీద ఆధారపడతాయి. పాలకాయతిప్ప వైపు మడ అడవులు, చవుడు నేలలు, ఇసుక మేటలు చూసినవాళ్లకు ఎడారి అంటే ఏమిటో కొంత అర్థమవుతుంది. నీడ ఉండదు, కొట్టు ఉండదు, నాలుగు దిక్కులూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి కారులో మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మంచినీళ్లు, అదీ ఒక రోజుకు అదనంగా కలిపి పెట్టుకోవడం అతి జాగ్రత్తేమీ కాదు. ఐదుగురికి రెండు రోజులకు రెండు 20 లీటర్ల క్యాన్లు. డిక్కీలో గుడారం కంటే ముందు ఎక్కాల్సినవి అవే.

కార్తికం తెచ్చే చిక్కు

తెలుగువాళ్లు ఊరి బయట వండుకు తినే మాసం కార్తికం. వనభోజనాలు, సముద్ర స్నానాలు, కార్తిక పౌర్ణమికి మంగినపూడి తీరాన జనసముద్రం. బంగాళాఖాతం రెచ్చిపోయే కాలమూ అదే. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెన వచ్చింది కార్తికంలో. 2013 నవంబరు 22న బందరుకు (మచిలీపట్నానికి) దక్షిణాన తీరం దాటిన హెలెన్ తుపాను కార్తికంలో. ఆరు రోజుల తర్వాత, అదే నెల 28న వచ్చిన లెహర్ కార్తికంలో. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా కూడా కార్తికంలోనే. పంచాంగం మనల్ని బయటికి పిలిచే నెలలోనే సముద్రమూ బయటికి వస్తోంది. అలాగని కార్తికం మానుకోమని ఎవరూ అనరు. మాఘంలో వెళ్లినంత నిశ్చింతగా కార్తికంలో వెళ్లకూడదు, అంతే.

పౌర్ణమి సంగతి ఇంకోటి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు బాగా పైదాకా వస్తుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక్కో రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పొద్దున 9 గంటలకు తడి ఇసుక మీద, నీటికి నూరు అడుగుల దూరంలో దర్జాగా నిలబెట్టిన కారు, మధ్యాహ్నం దాటేసరికి సగం చక్రం నీళ్లలో ఉంటుంది. జాలరులు దీన్ని గడియారం చూసి లెక్కపెట్టరు, నిన్నటి పోటు గుర్తు చూసి చెబుతారు. ఒడ్డున ఎండిన చెత్త, నాచు ఒక గీతలా పేరుకుని ఉంటుంది. ఆ గీతకు ఇవతల, ఇంటి వైపునే కారు ఉండాలి. గుడారం ఇంకా ఇవతలికి రావాలి.

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. 1977లో సర్కారు లెక్కే పదివేల దాకా, అనధికారిక అంచనాలు ఇంకా ఎక్కువ. ఆనాడు సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. నాగాయలంక మండలం సొర్లగొందిలాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. తాడిచెట్టు ఎక్కి తెల్లారిందాకా పట్టుకున్నవాళ్లు బతికారు. కోడూరులో టీ గ్లాసు కింద పెట్టిన ఆ అమ్మమ్మకు అప్పటికి పదేళ్లు ఉంటాయనుకుంటే, ఆమె "ఇంటికి పోదాం" అనడం వెనక ఏముందో అల్లుడికి తెలియాలి. దివిసీమ కుటుంబాల్లో పెద్దవాళ్ల భయాన్ని చాదస్తం అని కొట్టిపారేయడం, ఆ ప్రాంతం గురించి ఉన్న ఏకైక ప్రత్యక్ష సాక్ష్యాన్ని చెత్తబుట్టలో వేయడమే.

నంబర్లు చదవడం వచ్చా?

టీవీలో "మచిలీపట్నం పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక" అని చదువుతారు. వినేవాళ్లు "ఒకటేగా" అనుకుంటారు. పదకొండు దాకా ఉన్న దాంట్లో ఒకటంటే చిన్నదని లెక్క. ఈ అపోహ చాలా మందికి ఉంది. నిజానికి ఒకటి, రెండు నంబర్లు దూరపు హెచ్చరికలు. ఎక్కడో నడి సముద్రంలో వాయుగుండమో తుపానో ఉందని, బయటికెళ్లే ఓడలు చూసుకోవాలని అర్థం. మూడో నంబరు నుంచి మాట స్థానికమవుతుంది: ఈ రేవుకే ఈదురుగాలుల ముప్పు ఉందని. అయిదు, ఆరు, ఏడు నంబర్లు ప్రమాదం. తుపాను రేవుకు ఏ పక్కన దాటుతుందో, లేక నేరుగా రేవు మీదికే వస్తుందో అవి చెబుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది పెను ప్రమాదం. పదకొండు అంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. కాబట్టి ఒకటో నంబరు వింటే రాత్రి బస మానుకోవాలి. మూడో నంబరు వింటే తీరం వైపు కారే తిప్పకూడదు. ఇది వాతావరణ శాఖ పెట్టిన నియమం కాదు, పిల్లలతో వెళ్లే కుటుంబానికి ఈ పుస్తకం చెప్పే కొలత.

వాతావరణ శాఖ మాటల్లోనూ మెట్లున్నాయి. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. వాన సంగతికొస్తే, ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. రంగులు సరేసరి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే చర్య తీసుకోమని. గుడారం లెక్కలో మాత్రం నారింజకూ ఎరుపుకూ తేడా లేదు.

బందరులో వాతావరణ శాఖకు డాప్లర్ రాడార్ ఉంది. అది గీసే బొమ్మ ఆ శాఖ వెబ్‌సైట్లో ఎవరైనా ఫోనులో చూడొచ్చు. సముద్రం మీద వాన మేఘం ఎక్కడుందో, పది పదిహేను నిమిషాల తర్వాత ఎంత జరిగిందో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే పదో తరగతి పిల్లకైనా తెలుస్తుంది. ఆ పని పెద్దమ్మాయికి అప్పగిస్తే రెండు లాభాలు. నాన్న దృష్టి రోడ్డు మీద ఉంటుంది, ఆ పిల్ల ఫోను వేరే దేనికీ వాడదు.

2013 నవంబరు ఇక్కడ మంచి పాఠం. హెలెన్ తుపానుగా వచ్చి కోతకొచ్చిన వరిని నేలకొరిగించింది. ఆ వెంటనే లెహర్ అతి తీవ్ర తుపానుగా బందరు వైపు వస్తోందని హెచ్చరికలు జారీ అయ్యాయి. వేల మందిని తీరం నుంచి తరలించారు. తీరా చూస్తే సముద్రంలోనే నీరసించి, 28వ తేదీ మధ్యాహ్నం వాయుగుండంగా బందరుకు దక్షిణాన దాటిపోయింది. చాలా మంది నవ్వారు. "ఇంతదానికా ఈ హడావుడి" అన్నారు. కానీ లెహర్‌కు భయపడి వెనక్కెళ్లినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. బయల్దేరే రోజున వాళ్ల చేతిలో ఉన్న సమాచారానికి అదే సరైన నిర్ణయం. ఫలితం చూసి నిర్ణయాన్ని తూచేవాళ్లు, తర్వాతి తుపానుకు కూడా అదే తూకం వేస్తారు. అప్పుడు దెబ్బతింటారు.

అద్దం కింద మూడు వాక్యాలు

ఇంతకీ ముందు రోజు రాత్రి ఏం చేయాలి? ఒక తెల్లకాగితం తీసుకుని మూడే మూడు షరతులు రాయాలి. నాలుగోది రాస్తే ఎవరికీ గుర్తుండదు. ఉదాహరణకు ఇలా: "బందరు రేవులో ఏ నంబరు ఎగరేసినా రాత్రి బస లేదు. బస లేని రోజు సాయంత్రం 4 గంటలకు ఎక్కడున్నా అవనిగడ్డ వైపు తిరుగుతాం. మనలో ఎవరు వద్దన్నా వద్దే, ఎందుకని అడగం." ఆ కాగితాన్ని డ్రైవర్ ముందు, అద్దం కింద అంటించాలి.

మూడో వాక్యం దగ్గర చాలా ఇళ్లలో గొడవ వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లాడు భయపడితే ఐదుగురూ వెనక్కి రావాలా? రావాలి. మన ఇళ్లలో కారు నడిపే మగమనిషి మాటే చివరి మాట. వెనక సీటులో కూర్చున్న అమ్మమ్మ ఒకసారి చెప్పి ఊరుకుంటుంది. అమ్మ అసలే చెప్పదు, "మళ్లీ ఆయనకి కోపం" అనుకుంటుంది. కాగితం మీద రాసి ఉంటే అది అమ్మమ్మ మాట కాదు, నాన్న రాతే. నాన్నకు ఓడిపోయినట్టు ఉండదు. కుటుంబాల్లో సగం తగవులు విషయం మీద కావు, ఎవరి మాట నెగ్గిందన్న దాని మీదే కదా.

పిల్లల ఏడుపుకు మందు ఉంది. రెండో యాత్ర. వెనక్కి తిరిగితే ఇంటికే కాదు, ఇంకో చోటికి అని కాగితం వెనక రాసుకోవాలి. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడి, ఘంటసాల బౌద్ధ స్తూపం, అక్కడి మ్యూజియం, కూచిపూడి సిద్ధేంద్ర కళాక్షేత్రం, బందరు వైపు వెళ్తే డచ్చివాళ్ల సమాధులు, పెడనలో కలంకారీ అచ్చులు, ఆఖర్న బందరు లడ్డు. ఇవన్నీ వాన వచ్చినా ఆగిపోని చోట్లు. గుడారాన్ని ఇంటి డాబా మీద వేసి పడుకోనిస్తే పిల్లలు సముద్రాన్ని మర్చిపోతారు. డాబా మీద పిడుగుల వాన లేని రోజున సుమా.

కాలవ గట్టు, కారు చక్రం

డెల్టాలో తుపాను లేని రోజున కూడా మనుషుల్ని పొట్టన పెట్టుకునేది కాలవ గట్టు రోడ్డు. ఏ దారిన వెళ్లినా పక్కన కాలవ ఉంటుంది. చాలాచోట్ల రెయిలింగు ఉండదు. ముసురు పట్టిన రాత్రి తడిసిన తారూ, నిండు కాలవా ఒకే నలుపు. ఎదురుగా లారీ లైట్లు పడితే రెండు సెకన్లు ఏమీ కనిపించదు. అందుకే పొద్దుగూకాక గట్టు రోడ్లు వద్దు. జాతీయ రహదారి మీదుగా పది కిలోమీటర్లు ఎక్కువైనా సరే. మొంథా వచ్చిన రాత్రి కృష్ణా సహా కొన్ని జిల్లాల్లో 8.30 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ప్రభుత్వం ఆపేసింది. అలాంటప్పుడు ఆ గంటలకు ముందే ఎక్కడో ఒకచోట చేరి ఉండాలి.

పారే నీళ్ల లోతును కంటితో కొలవలేం. అడుగు లోతు పారుదల చిన్న కారును లేపేస్తుంది. రెండడుగులుంటే పెద్ద బండికీ దిక్కు లేదు. కర్మకాలి కారు కాలవలో పడిందే అనుకుందాం. ఫోను చేయడానికి అది సమయం కాదు. మొదటి నిమిషంలోనే బెల్టు విప్పాలి, కిటికీ దించాలి, పిల్లల్ని ముందు బయటికి నెట్టాలి, తర్వాత పెద్దలు. నీళ్లు తలుపును బయటి నుంచి ఒత్తుతాయి కాబట్టి తలుపు తెరుచుకోదు, కిటికీయే దారి. కరెంటు అద్దాలు కాసేపు పనిచేస్తాయి, ఆ కాసేపే మనది. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవర్ చేతికి అందేచోట ఉండాలి, డిక్కీలో కాదు. బయల్దేరే ముందు ఇంటి ముందు ఒకసారి ఆట లాగా చేయించాలి: "ఒకటి, రెండు, బెల్టు!" అంటూ. పిల్లలు నవ్వుతూ చేస్తారు, చేతులకు గుర్తుంటుంది.

ఇక వరద ఎప్పుడూ మన నెత్తి మీద వానతోనే రాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు దిగువకు వదిలారు. బ్యారేజీ చరిత్రలో అది రికార్డు. వాన పడింది ఎగువన, మునిగింది దిగువ లంకలు. దివిసీమలో ఎండ కాస్తున్నా బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరిక ఉందేమో చూసుకోవాలి. ఎదురుమొండి లాంటి దీవికి పంటు మీద కారు ఎక్కించుకుని వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. గాలి లేచినా, వరద వచ్చినా పంటు ఆగుతుంది. మనిషి ఎలాగో ఒడ్డెక్కుతాడు, కారు అక్కడే ఉంటుంది.

ఇసుకలో కూరుకుంటే టైర్ల గాలి 18-20 పీఎస్ఐ దాకా తగ్గించి మెల్లగా పోనివ్వాలి. మళ్లీ తారెక్కగానే మామూలుగా నింపుకోవాలి. మంగినపూడిలో ఉన్నది మాత్రం ఇసుక ఒక్కటే కాదు, నల్లమట్టి. ఒడ్డున లోతు తక్కువ, నేల చల్లగా మెత్తగా ఉంటుంది, పిల్లలు చెప్పులు విడిచి సంబరపడతారు. అదే మట్టి కారు చక్రం కిందకి చేరితే జిగురు. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ చక్రం గుండ్రంగా తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది, ముద్దలు ఎగిరి వెనక నెట్టేవాడి మొహాన పడతాయి. అప్పుడు తొక్కడం ఆపి చక్రాల ముందు గోనె సంచులో, వరిగడ్డో, కొబ్బరి మట్టలో వేయాలి. రైతులు ధాన్యం కప్పే బరకం ఒకటి డిక్కీలో ఉంటే పైకప్పుకూ పనికొస్తుంది, చక్రానికీ పనికొస్తుంది. ఈ చుట్టుపక్కల ఏ ఎరువుల కొట్టు పక్కనైనా దొరుకుతుంది. ఖరీదైన క్యాంపింగు సామాను కంటే ఇది వంద రెట్లు నయం.

ఉరిమితే అమ్మమ్మలు అర్జునుడి పది పేర్లు చదువుతారు. ఆ అలవాటును వాడుకోవచ్చు. మెరుపు కనిపించగానే లెక్క మొదలెట్టి, 30 అంకెలు చెప్పేలోపు ఉరుము వినిపిస్తే, పిడుగు అందేంత దగ్గర్లో ఉందని. వెంటనే కారెక్కి అద్దాలు మూసి కూర్చోవాలి. ఇనుప పైకప్పు ఉన్న కారు పిడుగు నుంచి మంచి ఆశ్రయం. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకూడదు. తాడిచెట్టు కింద, సరుగుడు తోటలో, గుడారంలో ఉండకూడదు. తాడి ఎత్తుకు పిడుగు పడుతుంది. సరుగుడు గాలికి విరిగి పడుతుంది.

రాత్రి కారులోనే పడుకునేవాళ్లకు ఒక్కమాట గట్టిగా. ఇంజిను ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని నిద్రపోకూడదు. పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. లోపలికి చేరితే మత్తులా కమ్మేస్తుంది, లేచే అవకాశం ఇవ్వదు. పొగగొట్టం ఇసుకలో, బురదలో పూడితే ప్రమాదం మరింత. అద్దం రెండు వేళ్లు దించి, దానికి దోమతెర గుడ్డ బిగించుకోవాలి. కుంపటి గుడారంలోకి తేవద్దు. గాలివాన మధ్యలో ఒక్కసారిగా గాలి ఆగి చుక్కలు కనిపిస్తే సంతోషపడి బయటికి రావద్దు. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా మళ్లీ మొదలవుతుంది.

మడ అడవుల ప్రాంతం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం కిందికి వస్తుంది. ఎక్కడ పడితే అక్కడ గుడారం వేయడానికి వీల్లేదు, అటవీ సిబ్బందిని అడగాలి. అడిగేటప్పుడే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: దగ్గర్లో తుపాను షెల్టర్ ఏ ఊళ్లో ఉందని. 1977 తర్వాత తీరం పొడుగునా కట్టిన ఆ షెల్టర్లు లావుపాటి స్తంభాల మీద, కింద నీళ్లు పారేలా ఎత్తుగా నిలబడి ఉంటాయి. చాలా ఊళ్లలో వాటి మెట్ల మీద పిల్లలు ఆడుకుంటారు, కింద వలలు ఆరేస్తారు. పెట్రోలు బంకు ఎక్కడుందో చూసుకున్నట్టే వెళ్లే దారిలో ఒక్కో షెల్టరూ గుర్తుపెట్టుకుంటూ పోవాలి.

గుడివాడ కుటుంబం కోడూరు టీకొట్టు దగ్గరే ఉంది. అద్దం కింద కాగితం ఉండి ఉంటే, నాన్న దాన్ని ఒకసారి చూసి, "సరే అత్తయ్యగారూ, ఘంటసాల పోదాం పదండి" అని ఉండేవాడు. పది నిమిషాలు పిల్లలు అలిగేవాళ్లు.

కాగితం మీద ఇంకా కొంచెం చోటు ఉంటుంది. అక్కడ అత్యవసర సేవలకు 112, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్‌కు 1070, జిల్లా కంట్రోల్ రూమ్‌కు 1077 అని రాసుకోండి. ఫోనులో ఉన్నాయిగా అనుకోకండి. ఫోను తడవొచ్చు, ఛార్జింగు అయిపోవచ్చు.